జంపింగ్ జాక్స్ అనగానే నాకు దాహం ఎందుకేసేదంటే

జిమ్ గ్రూప్ క్లాసులో ట్రైనర్ "నెక్స్ట్ జంపింగ్ జాక్స్" (కాళ్ళూ చేతులూ చాపుతూ గెంతడం) అనగానే నాకు ఠక్కున దాహం వేసేది. బాటిల్ పట్టుకుని పక్కకి పోవడం, లేదంటే షూ లేసు ఊడిందని కింద కూర్చోవడం, అదీ కుదరకపోతే బాత్రూమ్. అసలు విషయం ఏంటంటే రెండో కాన్పు తర్వాత నుంచి గెంతినా గట్టిగా తుమ్మినా నాకు కాస్త యూరిన్ లీకవుతుంది. ఈ ఒక్క లైను బయటికి చెప్పడానికి నాకు రెండేళ్ళు పట్టింది.

జిమ్‌లో మొదటి రోజు అడిగిన మొదటి ప్రశ్న "ఎన్ని కేజీలు తగ్గాలి మేడమ్?" తగ్గడానికి వచ్చానని నేను చెప్పలేదండీ బాబూ, నడుం నొప్పితో పిల్లాడిని ఎత్తుకోలేకపోతున్నా, అందుకని వచ్చా. కానీ ఆ మాట నోట్లోనే ఉండిపోయింది, "పది" అనేశా, ఎందుకన్నానో నాకే తెలీదు. తర్వాత హాలు మధ్యలో వెయిట్ మెషీన్ ఎక్కించి నంబర్ గట్టిగా చదివితే అవతల ఒకాయన రాసుకున్నాడు. ఆ రోజు నుంచి నల్ల టీషర్టు, వెనక వరస, అద్దానికి స్తంభం అడ్డొచ్చే మూల, అదే నా ప్లేసు.

"ఎవరి గోల వాళ్ళది, నిన్నెవరు చూస్తారే" అంటుంది మా అక్క. ఆ మాటకి సాక్ష్యం కూడా ఉంది. 2000లో థామస్ గిలోవిచ్ అనే సైకాలజిస్ట్ వాళ్ళ టీమ్ ఒక ప్రయోగం గురించి రాశారు, కాలేజీ పిల్లలకి బారీ మానిలో అనే సింగర్ బొమ్మున్న, వాళ్ళకి వేసుకోవాలంటేనే నామోషీగా అనిపించే టీషర్టు తొడిగి జనం ఉన్న గదిలోకి పంపారు. సగం మందైనా గమనించి ఉంటారని వేసుకున్నవాళ్ళు అనుకున్నారు, నిజానికి గమనించింది పావు వంతే. చదివి కాస్త కుదుటపడ్డా. కాసేపే లెండి. పావు వంతు మంది చూశారుగా మరి! పైగా జిమ్‌లో ఆడవాళ్ళని చూసేవాళ్ళు నిజంగానే ఉంటారు, సలహా ఇచ్చే వంకతో మాట కలిపేవాళ్ళూ ఉంటారు, అదంతా నీ భ్రమ అంటే నాకు ఒళ్ళు మండుతుంది.

నాకు నిజంగా తగిలింది ఇంకో ప్రయోగం. బార్బరా ఫ్రెడ్రిక్‌సన్, టోమి-ఆన్ రాబర్ట్స్ అనే సైకాలజిస్టులు, ఇంకొందరు కలిసి 1998లో అచ్చు వేశారు. కొంతమందికి స్విమ్‌సూట్, కొంతమందికి స్వెట్టర్ ఇచ్చి, నిలువుటద్దం ఉన్న గదిలో ఒక్కొక్కరినే పెట్టి, అవి వేసుకుని లెక్కలు చెయ్యమన్నారు. స్విమ్‌సూట్ వేసుకున్న ఆడవాళ్ళకి మార్కులు తగ్గాయి, మగవాళ్ళకి తగ్గలేదు. గదిలో ఇంకో మనిషి లేరు, చూసేవాళ్ళే లేరు, అయినా బుర్రలో సగం ఆ అద్దం దగ్గరే ఉండిపోయింది.

నా స్క్వాట్స్ కథ కూడా సరిగ్గా ఇదే. కిందకి దిగుతున్నప్పుడు నా ధ్యాస మోకాళ్ళ మీద ఉండేది కాదు, వెనక టీషర్టు పైకి లేచిందా, పొట్ట మడత కనిపిస్తోందా, ఇదే గొడవ. ఒక చేత్తో టీషర్టు లాక్కుంటూ స్క్వాట్ చేస్తే ఏమవుతుంది, మోకాలు పట్టేసింది, పది రోజులు మెట్లు దిగలేకపోయా. పట్టేసిన మోకాలి మీద జాలి కూడా లేదు నాకు, "ఛీ, ఇది కూడా చేతకాదు" అని తిట్టుకున్నా. నా కూతురు కింద పడితే ఎప్పుడైనా ఛీ అన్నానా?

సెల్ఫ్ కంపాషన్ అనే మాట చాలాసార్లు వినే ఉన్నా, స్వీయ కరుణ అని రాస్తారు మన దగ్గర, అలా అంటే ఏదో ప్రవచనంలాగా ఉంటుంది. నేనైతే దాన్ని నా మీద నేను జాలిపడి మంచం ఎక్కడం అనుకునేదాన్ని. దీని మీద పరిశోధన చేసిన క్రిస్టిన్ నెఫ్ 2003లో చెప్పిన లెక్క వేరు: మనతో మనం దయగా ఉండటం, ఇది నాకొక్కదానికే కాదు అని గుర్తుపెట్టుకోవడం, ఉన్న బాధని దాచకుండా పెంచకుండా చూడటం. తిట్టుకోకపోతే బద్ధకం వస్తుందనే భయం నాకు బాగా ఉండేది. బ్రైన్స్, చెన్ అనే పరిశోధకులు 2012లో చూపించింది దానికి రివర్సు, కష్టమైన పరీక్ష పాడుచేసుకున్న స్టూడెంట్లలో "ఇది చాలామందికి కష్టంగానే ఉంటుంది, మరీ తిట్టుకోకు" అని విన్నవాళ్ళే తర్వాతి పరీక్షకి ఎక్కువసేపు చదివారు.

అయితే చదవడం ఒకటి, జరగడం ఒకటి. ఒకరోజు జంపింగ్ జాక్స్ టైమ్‌కి బాత్రూమ్‌లోకి దూరితే అక్కడ చేతులు కడుక్కుంటూ, కడిగినవే మళ్ళీ కడుక్కుంటూ ఒకావిడ ఉంది, మా క్లాసే, నాకంటే చిన్నది. ఇద్దరం అద్దంలో ఒకరినొకరు చూసుకున్నాం. "మీరు కూడానా అక్కా?" అంది. అంతే, ఇద్దరికీ నవ్వాగలేదు, ఆ నవ్వుకి కూడా లీకయిందనుకోండి, అది వేరే సంగతి.

తనే ఫిజియో దగ్గరికి వెళ్ళమంది. పెల్విక్ ఫ్లోర్ కండరాలు, అంటే మూత్రాన్ని ఆపుకునేటప్పుడు బిగించే కండరాలు, కాన్పులో వదులవుతాయట, వాటికీ ఎక్సర్‌సైజ్ ఉంది, బిగించి కొన్ని సెకన్లు పట్టి వదలడం, కనీసం 3 నెలలు రోజూ చెయ్యాలంది ఆ ఫిజియో. దీనికి ముందు చేసే వైద్యమే ఇదట. రెండేళ్ళు బాత్రూమ్‌లో దాక్కున్నది దేనికో మరి!

ఇప్పుడు ట్రైనర్ జంప్ అంటే "నేను స్టెప్ వేస్తానండీ, లీకవుతుంది" అని చెప్పేస్తున్నా. మొదటిసారి చెప్పినప్పుడు పాపం ఆయన మొహం ఎర్రబడింది, నాది కాదు. స్క్వాట్‌కి రెండు చేతులూ ముందుకే చాస్తున్నా. నల్ల టీషర్టులు మాత్రం వదల్లేదు. నాలుగున్నాయి, లాగి లాగి అంచులన్నీ సాగిపోయాయి, చిరిగేదాకా వేస్తా.