ఒకటే బిందె, తీరొక్క సీసా

మా తమ్ముడికి ఇంట్లో బీరు చేయాలని కోరిక. లైసెన్సు లేకుండా చేస్తే ఎక్సైజ్ కేసు అవుతుందని వాడిని ఆపి, అల్లం సోడాకు ఒప్పించాను. పులియడం రెండింట్లోనూ ఒకటే. ఈస్ట్ చక్కెరను తిని గ్యాసును, ఆల్కహాల్‌ను వదులుతుంది. గ్యాసు పట్టగానే ఫ్రిజ్‌లో పెట్టేస్తే ఆల్కహాల్ పెద్దగా పెరగదు.

అల్లం ముక్కలు, చక్కెర, నీళ్లతో తోడు తయారైంది. బుడగలు బాగానే వచ్చాయి. తంటా అంతా సీసాల దగ్గరే. ఒకే బిందెలోంచి నింపినా ఒకటి చప్పగా ఉంది, ఇంకోటి మూత తిప్పగానే గోడ దాకా చిమ్మింది. మరోదాంట్లో వెనిగర్ వాసన. తోడు పాడైందని తమ్ముడి వాదన. తోడే పాడైతే అన్నీ ఒకేలా పాడవ్వాలి కదా!

అందుకే సీసాల మీద మార్కర్‌తో అంకెలు వేసి, నింపిన వరుసలోనే రుచి చూశాం. సగం చిక్కు అక్కడే విడిపోయింది. ముందు నింపినవి పలచగా ఉన్నాయి. చివరివి తియ్యగా, ఘాటుగా, గ్యాసు ఎక్కువగా ఉన్నాయి. చిక్కటి అల్లం పాకం మీద మేం చల్లటి నీళ్లు పోస్తున్నాం. పాకం బరువు కాబట్టి అడుగునే ఉంటుంది. అల్లంలోని పిండి, ఈస్ట్ కూడా కిందికే దిగుతాయి. పై నుంచి చెంబుతో తీసి నింపితే ఆఖరి సీసాలకు మడ్డి దక్కుతుంది. ఇప్పుడు గుడ్డలో వడకట్టి, రెండు సీసాలకోసారి అడుగుదాకా కలుపుతున్నాం.

పులుపు మాత్రం ఈ వరుసకు లొంగలేదు. అంకెలు చూస్తే ప్రతిసారీ అవే సీసాలు పుల్లబడుతున్నాయి. వర్ధన్నపేట దిక్కు మా ఊళ్లో తాళ్లెక్కే కాకకు ఈ సంగతి చెబితే ఆయన నవ్వాడు. "లొట్టి మంచిగ కడగకుంటే పొద్దుగాల దించిన కల్లు గూడ పుల్లగైతది బిడ్డా. పులవని నీరా కావాల్నంటే లొట్టికి లోపల సున్నం రాస్తం. నీ సీసాలు ఎట్ల కడుగుతున్నవ్?" అని అడిగాడు.

ఇంటికొచ్చి మూతలు విప్పి చూస్తే మర సందుల్లో జిగురు. ప్లాస్టిక్ మీద గీతలున్న చోట కూడా అంతే. బ్యాక్టీరియా అక్కడ కాపురం పెడితే ఉత్త నీళ్లతో కడిగినా పోదు. గీతలు పడ్డ సీసాలు పారేశాం. మిగతావాటిని వాషింగ్ సోడా నీళ్లలో నానబెట్టి, బ్రష్‌తో తోమి, వాసన పోయేదాకా కడిగాం. మరిగే నీళ్లు పోయలేదు, ఆ సీసాలు వంకర పోతాయి.

చప్పటి సీసాల్లో కొన్ని మంచినీళ్ల సీసాలని తర్వాత తెలిసింది. వాటి మూతలు గ్యాసును పట్టి ఉంచలేవు. కూల్‌డ్రింక్ సీసాలకు అడుగున ఐదు కాళ్లలా ఉంటాయి చూడండి, అవి ఒత్తిడికి తట్టుకోవడానికే. గాజు సీసాల జోలికి మేం పోలేదు. హన్మకొండ మే ఎండల్లో గాజు సీసా పేలితే ముక్కలు ఎవరి కంట్లో పడతాయో అని నాకు టెన్షన్.

ఎండ కూడా తన వంతు తేడా చూపించింది. పడమటి గోడ పక్క సెల్ఫ్‌లోవి తొందరగా పొంగితే, నీళ్ల కుండ పక్కన నేల మీద పెట్టినవి నెమ్మదిగా పులిశాయి. ఇప్పుడు అన్నీ నేల మీదే. రోజూ వేలితో నొక్కి చూసి, గట్టిపడగానే ఫ్రిజ్‌లోకి మార్చుతున్నాం. చల్లదనానికి ఈస్ట్ మందగిస్తుంది, గ్యాసు కూడా నీళ్లలో బాగా కరుగుతుంది.

ఇప్పుడు సీసాకూ సీసాకూ తేడా దాదాపు లేదు. బాపుకు మాత్రం ఇది నచ్చలేదు, మునుపటి ఘాటే కావాలట. ఆయన కోసం ఆఖరి సీసా కలపకుండా, మడ్డితోనే నింపుతున్నాం.