అడవుల కాలేజీకి పోయిన మా అమ్మాయి

కాలేజీ అప్లికేషన్‌లో కంప్యూటర్ సైన్స్ అని ఉన్న గడిలో టిక్కు పెట్టనని మా పెద్దది తేల్చి చెప్పిన రోజు ఇంట్లో ఎవరికీ అన్నం సహించలేదు. అది అరవలేదు, ఏడవలేదు. "నీ పని అంత మంచిదైతే ఆదివారం సాయంత్రం అయ్యేసరికి నీ మొహం ఎందుకు అట్టా అయిపోద్ది నాన్నా?" అని అడిగింది, అంతే. నేను సమాధానం చెప్పకుండా ప్లేట్లు తీయడం మొదలుపెట్టాను. నేను అడగకుండానే ప్లేట్లు తీస్తున్నానంటే వాదనలో ఓడిపోయానని మా ఆవిడకు అర్థమైపోతుంది.

దానికి కావలసింది బయోప్రాసెస్ ఇంజనీరింగ్, బతికున్న కణాల చేత మందులూ అవీ తయారు చేయించే చదువు. అమెరికాలో మేముండే న్యూయార్క్ రాష్ట్రంలోనే, సిరక్యూస్‌లోని ఈఎస్ఎఫ్ అనే స్టేట్ కాలేజీలో ఆ పేరుతోనే నాలుగేళ్ళ డిగ్రీ ఉంది. మేముండే ఆల్బనీ నుంచి కారులో రెండున్నర గంటలు, ఈ రాష్ట్రం వాళ్ళమే కాబట్టి ఫీజు కూడా తక్కువ. చిక్కంతా పేరుతోనే. ఎన్విరాన్‌మెంటల్ సైన్స్ అండ్ ఫారెస్ట్రీ. 1911లో అడవుల చదువు కోసం పెట్టిన కాలేజీ అది. ఈ పేరు నెల్లూరుకు ఫోన్ చేసి చెప్పి చూడండి. మా పెద్దమ్మ, "ఫారెస్టు రేంజరు చదువా? ఆడపిల్లకి అడవిలో డ్యూటీ ఏందిరా!" అంది. మా ఆవిడ వాళ్ళది ఒంగోలు, వాళ్ళు ఇంకొంచెం మర్యాదస్తులు, "మంచిదే బాబూ, గవర్నమెంటు ఉద్యోగమే కదా" అని ఊరుకున్నారు.

నాకు బయో అనే మాట వింటేనే భయం. మా పిన్ని కొడుకు బయోటెక్ చదివిన రోజులు ఇంకా మర్చిపోలేదు. అప్పట్లో మా వైపు ఏ డిగ్రీ కాలేజీ చూసినా బయోటెక్ బోర్డే, రాబోయే కాలమంతా దానిదే అన్నారు. వాడు ఎమ్మెస్సీ కూడా చేసి, ఉద్యోగం దొరక్క, చివరికి అమీర్‌పేటలో టెస్టింగ్ టూల్స్ నేర్చుకుని బెంగళూరు చేరాడు. ఇప్పుడు బ్రహ్మాండంగా ఉన్నాడు, కానీ ఆ బయోటెక్ వల్ల మాత్రం కాదు. ఈ కథ నేను మా అమ్మాయికి ఎన్నిసార్లు చెప్పానంటే, నేను నోరు తెరవగానే "అమీర్‌పేట బాబాయి కదా" అని తనే పూర్తి చేసేది.

అయితే బయటివాళ్ళ దగ్గర నా పాట వేరే. ఎవరైనా "అదేం కోర్సు" అని కాస్త జాలిగా అడిగితే చాలు, రోషం పొడుచుకొచ్చేది. శాంతా బయోటెక్నిక్స్ పెట్టిన వరప్రసాద్ రెడ్డి గారు మన నెల్లూరు జిల్లా పాపిరెడ్డిపాళెం ఆయనే కదండీ, 1997లో హెపటైటిస్ బి వ్యాక్సిన్ దేశంలోనే తయారు చేయించారు కదా, దాన్ని ఈస్టు కణాల్లో పెంచి తీశారు, ఆ పెంచే చదువే ఇది, అని ఉపన్యాసం దంచేవాణ్ణి. ఫోన్ పెట్టేసి ఇంట్లోకి వచ్చి, "ఇంకోసారి ఆలోచించు తల్లీ, కంప్యూటర్ సైన్స్‌ను మైనర్‌గా, పక్క సబ్జెక్టుగా అయినా పెట్టుకో" అనేవాణ్ణి. ఒక సాయంత్రం ఈ రెండూ మా అమ్మాయి చెవిన పడ్డాయి. అదేమీ అనలేదు, నవ్వింది. తిట్టినా బాగుండేది.

చదువు సంగతి నాకు అర్థమైనంత వరకు చెప్తాను. ఇది బయోమెడికల్ కాదు, అది పరికరాల వైపు పోతుంది. బయోప్రాసెస్ అంటే బతికున్న కణాల చేత సరుకు తయారు చేయించడం. ఆ సరుకు మందు కావచ్చు, ఎంజైము కావచ్చు, ఇంధనం కావచ్చు. ఆ కాలేజీలో పేపర్ ఇంజనీరింగ్‌కీ దీనికీ చాన్నాళ్ళు ఒకటే డిపార్ట్‌మెంటు, కర్ర గుజ్జు నుంచి కాగితమే కాదు, చక్కెరలూ ఇంధనమూ తీసే ఆలోచన కూడా అక్కడ ఉంది. మందుల విషయానికొస్తే, చిన్న సీసాలో గడ్డకట్టించి దాచిన కణాలను కరిగించి, ఫ్లాస్కులో పెంచి, అక్కడినుంచి ఇంకా పెద్దదాంట్లోకి, చివరికి వేల లీటర్ల స్టీలు ట్యాంకులోకి మారుస్తారు. అది పని సగమే. మిగతా సగం ఆ నీళ్ళలోంచి కణాలనూ చెత్తనూ వడగట్టి, కావలసిన ప్రొటీన్ ఒక్కదాన్నే శుద్ధిగా బయటికి తీయడం. ఇదంతా చేయాలంటే థర్మోడైనమిక్స్, ఫ్లూయిడ్ మెకానిక్స్, మాస్ ట్రాన్స్‌ఫర్ లాంటి కెమికల్ ఇంజనీరింగ్ సరంజామా అంతా చదవాలి, దాంతోపాటు మైక్రోబయాలజీ, బయోకెమిస్ట్రీ. బయాలజీ అంటే ఇష్టం, లెక్కలంటే భయం అనే పిల్లలు పేరు చూసి చేరితే రెండో ఏడాదికల్లా బెంబేలెత్తిపోతారు.

మొదటి ఏడాది అయ్యాక సెలవులకు నెల్లూరు తీసుకెళ్ళాను. మాది అల్లూరు వైపు. మా నాయనకు ఇప్పుడు రొయ్యల గుంటలు లేవు, కానీ సాయంత్రమైతే ఎవరో ఒకరి గుంట గట్టు మీద కూర్చుంటేగానీ ఆయనకు పొద్దుపోదు. మనవరాల్ని కూడా తీసుకుపోయాడు. వెనకే నేను, దాని వచ్చీరాని తెలుగుకు, ఆయన మా ఊరి యాసకు మధ్యలో ఆసరాగా.

నీళ్ళలో గాలి కలిపే ఏరేటర్లు తిరుగుతున్నాయి. అవి ఎందుకని అది అడిగింది. రాత్రిపూట నీళ్ళలో నాచు కూడా గాలి పీల్చుకుంటుందనీ, తెల్లవారుజామున ఆక్సిజన్ బాగా పడిపోతుందనీ, లీటరుకు నాలుగు మిల్లీగ్రాముల కిందికి పోతే రొయ్యకు కష్టమనీ, కరెంటు పోతే జనరేటర్ కోసం పరిగెత్తాల్సిందేననీ నాయన చెప్పాడు. అది ఎగిరి గంతేసినంత పని చేసింది. "డీఓ! తాతా, మాకూ డీఓనే!" అంది. ఇద్దరూ డీఓ అనే అంటారు, డిజాల్వ్‌డ్ ఆక్సిజన్‌కి. ఇక నా అవసరం లేకపోయింది.

"మీ ట్యాంకులో కూడా ఏరేటర్లు పెడతారా అమ్మణ్ణీ?" అన్నాడాయన. కింద నుంచి బుడగలు వదులుతారట, లోపల తెడ్డు తిప్పుతారట. కానీ జంతు కణాలకు గట్టి గోడ ఉండదు, బుడగ పైకొచ్చి పగిలే చోట కణం కూడా చిట్లిపోతుంది, గాలి తక్కువైతే ఊపిరాడక చస్తుంది, అందుకని బుడగల దెబ్బ తగలకుండా నీళ్ళలో ఒక మందు కలుపుతారు. ఆయన చెక్ ట్రే పైకి లాగి చూపించాడు. మేత వేసిన రెండు గంటలకు ట్రేలో ఎంత మిగిలిందో చూసి తర్వాతి మేత తగ్గించాలా పెంచాలా తేల్చుకుంటారు, ఎక్కువ వేస్తే తినని మేత కుళ్ళి నీళ్ళు పాడవుతాయి. దానికి అదీ తెలుసు. వాళ్ళూ చక్కెర ఒకేసారి పోయరట, ఎక్కువ పెడితే బ్యాక్టీరియా ఆమ్లాన్ని వదిలి తన పెరుగుదల తనే చెడగొట్టుకుంటుందట, అందుకే కొంచెం కొంచెంగా పెడతారట. ఏ కణాలు వాడతారని ఆయన అడిగితే, ఎక్కువగా చైనా హామ్‌స్టర్ అనే చిన్న ఎలుక లాంటి జంతువువని చెప్పింది. 1957లో దాని అండాశయం నుంచి తీసిన కణాల సంతతే ఇప్పటికీ నడుస్తోందట. "ఎలక కణాల మందని వేసుకునేవాళ్ళకి చెప్తారా?" అని ఆయన అనుమానం. ఫ్రిజ్‌లో పెరుగు గిన్నె పక్కనుండే తన ఇన్సులిన్ సంగతి కూడా అడిగాడు. 1982 ముందు పందుల, పశువుల క్లోమం నుంచి తీసేవాళ్ళని, ఆ ఏడాది నుంచి మనిషి ఇన్సులిన్‌నే బ్యాక్టీరియాలో పెంచి తీయడం మొదలైందని విని, బతికించావే అన్నట్టు దణ్ణం పెట్టాడు.

ఆ తర్వాత నాయన తెల్లమచ్చ సంగతి ఎత్తాడు. నేను పిల్లలకు ఎప్పుడూ చెప్పని సంగతి అది.

1994, 95 ప్రాంతంలో టైగర్ రొయ్యకు తెల్లమచ్చ వైరస్ వచ్చి మా తీరమంతా దెబ్బతింది. అప్పట్లో మాకు ఏరేటర్లు లేవు, డీజిల్ ఇంజనుతో నీళ్ళు మార్చడమే. నేను ఇంటర్, రాత్రి కాపలా వంతు నాదీ ఉండేది. గుంట అంచుకొచ్చి కదలకుండా నిలబడిన రొయ్యలను టార్చి వేసి చూశాను. చేతిలోకి తీసుకుంటే పెంకు మీద తెల్లటి చుక్కలు. పట్టుబడికి ఇంక కొన్ని రోజులే ఉంది. అప్పులకు పొలం పోయింది, నేను డిగ్రీ చేసి ఎంసీఏలో చేరాను. ఎండలో, రాత్రిలో, నీళ్ళ పక్కన ప్రాణాన్ని కాపలా కాసే పని నా పిల్లలెవరూ చేయకూడదు అనుకున్నాను. ఏసీ గదిలో కూర్చుని చేసే పనికి వైరస్ వచ్చినా యాంటీవైరస్ ఉంటుంది.

మనవరాలు తాతకు తన వైపు కథ చెప్పింది. 2009లో బోస్టన్‌లో ఒక పెద్ద మందుల ఫ్యాక్టరీలో అదే హామ్‌స్టర్ కణాల్లోకి వైరస్ జొరబడింది, ఫ్యాక్టరీ ఆపేశారు, గాషే, ఫాబ్రీ అనే అరుదైన జబ్బులున్న వాళ్ళకు మందు కరువైంది. "మరేం చేశారు?" అన్నాడు. ట్యాంకులు ఖాళీ చేసి, మొత్తం శుద్ధి చేసి, మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టారంది. "మేమూ అంతే. గుంట ఎండబెట్టి, సున్నం చల్లి..." అని ఆగాడు. మేం మళ్ళీ మొదలుపెట్టలేదు. ఆ సంగతి ఆయన చెప్పలేదు, నేనూ చెప్పలేదు.

తిరుగు ప్రయాణంలో, "ఇది నాకు ముందే తెలిస్తే కాలేజీ అప్లికేషన్‌కి రాసిన ఎస్సే దీని మీదే రాసేదాన్ని" అంది. ఎస్సే టైములో నేనిచ్చిన సలహా కూచిపూడి మీద రాయమని. అది కూచిపూడి మధ్యలోనే మానేసింది. తెలుగు బడికి, బాలవిహార్‌కు లాక్కుని పోయి సంస్కృతి సంస్కృతి అని చంపుకుతిన్నాను గానీ, మా ఇల్లు ఎందుకు మునిగిందో, నేను ఈ దేశం ఎందుకొచ్చానో ఒక్క ముక్క చెప్పలేదు. రైతు కుటుంబం అని గొప్పగా చెప్పాను, అప్పు కుటుంబం అని చెప్పలేదు.

ఇప్పుడు మీ పిల్లలు ఈ కోర్సు అంటే ఏం చూడాలో చెప్తాను, అడక్కపోయినా. ఆ డిగ్రీకి ఏబీఈటీ గుర్తింపు (ఇంజనీరింగ్ కోర్సులకు గుర్తింపునిచ్చే సంస్థ అది) ఉందో లేదో చూడండి, సిరక్యూస్‌ దానికి ఉంది. ఈ పేరుతో బ్యాచిలర్స్ ఇచ్చే చోట్లు తక్కువ, చాలా యూనివర్సిటీల్లో ఇది కెమికల్ ఇంజనీరింగ్‌లో ఒక భాగంగా ఉంటుంది. నార్త్ కరోలినా స్టేట్ లాంటి చోట ఫ్యాక్టరీలో వాడే పరికరాలతోనే పిల్లల చేత పని చేయించే ట్రైనింగ్ సెంటర్ ఉంది. ట్యాంకు మీద చెయ్యి పెట్టకుండా డిగ్రీ చేతికిచ్చే చోట చేర్చకండి. ఇలా ఇంకా చెప్పగలను, జీతాలతో ఎక్సెల్ షీటు కూడా చేశాను. కానీ నిజానికి ఆ షీటు చూసి మా అమ్మాయి ఏదీ నిర్ణయించుకోలేదు. దాన్ని చూసుకుంటే రాత్రిళ్ళు నాకు నిద్రపట్టేది, అంతవరకే దాని ఉపయోగం. ఎవరి పిల్లకు ఏది సరిపోతుందో చెప్పడానికి నేనెవర్ని?

ఆల్బనీ నుంచి హడ్సన్ నది దాటితే రెన్సలీర్‌లో రీజెనరాన్ అనే మందుల కంపెనీ వాళ్ళ పెద్ద ఫ్యాక్టరీ ఉంది, ఇలాంటి ట్యాంకులున్నదే. ఇన్నేళ్ళు ఆ పక్కనుంచి పోతూ అదేదో గోడౌన్ అనుకున్నాను. వచ్చే వేసవికి ఇలాంటి చోట్లకే ఇంటర్న్‌షిప్‌కు పెట్టుకుంటోంది. కణాలకు రాత్రీ పగలూ ఉండవు కాబట్టి షిఫ్టులుంటాయి, రాత్రి షిఫ్టు పడినా సరేనంది. నా గుండె జారిపోయింది. నా మాట వినదని నాయనకు ఫోన్ చేసి, నువ్వైనా చెప్పు నాయనా అన్నాను. ఆయన సావధానంగా విని, "రాత్రి డ్యూటీకి భోజనం వాళ్ళే పెడతారా, మనం కట్టియ్యాల్నా?" అని అడిగాడు.

ఇంక మా చిన్నోడు. వాడు పదో క్లాసు, కంప్యూటర్ సైన్సే చదువుతానంటున్నాడు, నన్ను సంతోషపెట్టడానికేనేమో. నాలుగేళ్ళ కిందటైతే పాయసం వండించేవాణ్ణి. ఇప్పుడు మా ఆఫీసులో సగం పని ఏఐ చేస్తోంది, మిగతా సగం ఎప్పుడు పోతుందో అని టెన్షన్. నిన్న వాడి పక్కన కూర్చుని, "కెమికల్ ఇంజనీరింగ్ కూడా ఒకసారి చూడరా, అక్కను అడుగు" అన్నాను. వాడు హెడ్‌ఫోన్స్ ఒక చెవి మీద నుంచి కాస్త జరిపి, "అక్కకు కూడా ఇట్టాగే చెప్పావా?" అన్నాడు.