తీసిన పూడిక ఎక్కడ పోస్తారు? – ఈఎస్ఈ సివిల్‌లో నా రెండు ఇంటర్వ్యూలు

ఈఎస్ఈ, అంటే యూపీఎస్సీ పెట్టే ఇంజనీరింగ్ సర్వీసెస్ పరీక్ష, రిజల్ట్ వచ్చి నాలుగు రోజులైంది. పీడీఎఫ్‌లో నా రోల్ నంబరు ఉందో లేదో ఇప్పటికి పదిసార్లు చూసుకున్నాను. ఉంది. ఫోన్లు కాస్త తగ్గాయి కాబట్టి కూర్చుని రాస్తున్నాను. మెసేజీలు పెట్టినవాళ్లందరూ అడుగుతున్నది ఒకటే: ఏ పుస్తకాలు, ఏ టెస్ట్ సిరీస్? మీ దగ్గర ఉన్నవే నా దగ్గరా ఉన్నాయి, నమ్మండి. వాటి సంగతి చివర్లో నాలుగు ముక్కలు చెబుతాను. అంతకంటే ముందు, పోయినసారి ఇంటర్వ్యూలో ఎలా బోర్లాపడ్డానో చెప్పాలి.

మాది విజయవాడ, సింగ్ నగర్. ఊరూ పేటా చెప్పాను కాబట్టి 2024 సెప్టెంబరు 1 నాటి బుడమేరు వరద సంగతి వేరే చెప్పక్కర్లేదు. పొద్దున వీధిలో చీలమండ లోతున్న నీళ్లు మధ్యాహ్నానికి మా వంటింట్లో గ్యాస్ బండను తేల్చాయి. మేం పైవాటా వాళ్లింట్లో తలదాచుకున్నాం. నా నోట్సులన్నీ బీరువాలో ఉన్నాయి. అన్నిటికంటే కింది అరలో ఉన్నది ఓపెన్ ఛానెల్ ఫ్లో, ముందు మునిగింది అదే. నీళ్లు దిగాక ఇల్లంతా జానెడు బురద. వీధులూ ఇళ్లూ కడగడానికి ఫైరింజన్లు వచ్చాయి. అప్పటికే మెయిన్స్ పాసై ఇంటర్వ్యూ కోసం చూస్తున్నాను. వరద తగ్గిన కొన్ని వారాలకే ఢిల్లీ వెళ్లాను.

డాఫ్‌లో, అంటే బోర్డు ముందుండే నా వివరాల ఫారంలో, ఊరు విజయవాడ, బ్రాంచి సివిల్. బుడమేరు అడుగుతారని చిన్నపిల్లాడికైనా తెలుస్తుంది. నాకూ తెలుసు, బాగా బట్టీ పట్టే వెళ్లాను. ఎందుకు మునిగింది అని అడిగితే గుక్క తిప్పుకోకుండా చెప్పాను: మైలవరం కొండల దగ్గర పుట్టిన వాగు, వెలగలేరు రెగ్యులేటర్, అక్కడి నుంచి వరదను ప్రకాశం బ్యారేజీకి ఎగువన కృష్ణలో కలిపే డైవర్షన్ ఛానెల్. దాని సామర్థ్యం 15 వేల క్యూసెక్కులు, వచ్చింది దానికి రెట్టింపు పైమాటే. అదే సమయంలో బ్యారేజీ దగ్గర కృష్ణ 11.43 లక్షల క్యూసెక్కులతో పోతోంది, 2009 అక్టోబరు నాటి వరదను కూడా దాటేసింది. నదే నిండుగా ఉంటే కాలవ నీళ్లు ఎక్కడికి పోతాయి? వెనక్కి తన్నాయి, ఎడమ గట్టుకు గండ్లు పడ్డాయి, ఆర్మీ వచ్చి పూడ్చాల్సి వచ్చింది. ఇక్కడిదాకా నా అంత మొనగాడు లేడనుకున్నాను.

"మరి ఏం చేద్దాం?" అన్నారు ఛైర్మన్.

"పూడిక తీయాలి సర్, వెడల్పు చేయాలి సర్." దానికి తోడు 2022లో కేంద్ర జలశక్తి శాఖ పూడిక నిర్వహణ మీద తెచ్చిన జాతీయ ఫ్రేమ్‌వర్కును కూడా అప్పజెప్పాను.

అంతవరకు మాట్లాడకుండా కూర్చున్న ఒక మేడమ్ అప్పుడు అందుకున్నారు. "పూడిక ఎంత ఉంది?" తెలియదు. "ఎవరు కొలుస్తారు?" డిపార్టుమెంటు. "డిపార్టుమెంటులో ఎవరు?" ఏఈ, అంటే అసిస్టెంట్ ఇంజనీరు. "ఆ ఏఈ దగ్గర ఎంతమంది ఉంటారు? ఎన్ని కిలోమీటర్లు చూస్తారు?" తెలియదు. "సరే, ఎలాగో తీశారు. తీసిన మట్టి ఎక్కడ పోస్తారు?" "గట్టు మీద సర్." ఆవిడను సర్ అన్నానని అప్పటికి గమనించలేదు. "వాన పడితే?"

నోట మాట రాలేదు. వాన పడితే ఏమవుతుందో ఎందుకు తెలియదు? మా వీధి కాలవ పక్కన ఆ బురద కుప్పలు చూస్తూనే పెరిగాను. తీసిన వారం రోజులకు మళ్లీ కాలవలోనే ఉంటుంది. కళ్ల ముందు ఉన్నది నోటికి రాలేదు, అంతే. థాంక్యూ చెప్పి బయటికొచ్చేటప్పుడు ఆవిడను మళ్లీ సర్ అన్నాను.

లిస్టులో నా పేరు లేదు. బోర్డు స్ట్రిక్టు అనీ, మనవాళ్లకు ఇంగ్లిషు దగ్గర దెబ్బ పడుతుందనీ రూమ్మేట్లు ఓదార్చారు. కొన్నాళ్లు నేనూ అదే పాట పాడాను. బోర్డు తప్పేం లేదు. 200 మార్కుల ఇంటర్వ్యూలో నా ఊరి గురించి నాకు తెలియదని నిరూపించి వచ్చాను.

ఇంతలో 2025 ప్రిలిమ్స్‌ను ఫిబ్రవరి 9 నుంచి జూన్ 8కి జరిపారు. మన బ్యాచ్‌లో సగం మంది ఫ్లో పోయిందని తిట్టుకున్నారు, గుర్తుందా? నాకు మాత్రం ఆ నాలుగు నెలలు దేవుడిచ్చినట్టే అనిపించింది. నాన్నకు తెలిసిన ఒకాయన కాలవల మీద లస్కరుగా, అంటే గట్లూ గేట్లూ చూసుకునే మనిషిగా, చేసి రిటైరయ్యాడు. ఏ లాకు, ఏ సబ్‌డివిజన్ అని అడక్కండి, ఆయన పింఛను ఆయన తీసుకుంటున్నాడు, మధ్యలో ఇబ్బంది ఎందుకు. నేను బాబాయ్ అంటాను. ఆదివారాలు ఆయన వెనక టీవీఎస్ ఎక్కి గట్ల వెంట తిరగడం మొదలుపెట్టాను. చదువు మానేసి కాలవ గట్లు పట్టుకు తిరుగుతున్నాడని అమ్మ దగ్గర కంప్లయింటు కూడా పడింది.

బాబాయ్ దగ్గర సర్వే పరికరం ఒక వెదురు గడ. కాలవలోకి దింపి, మెత్తగా దిగినంత మేర వేలితో పట్టుకుని చూపించేవాడు: "ఇదంతా నిరుటి ఒండ్రు బాబూ. కింద గట్టిగా తగిలిందే అసలు అడుగు." అక్కడ మూడడుగులు ఉంటే, పక్క కల్వర్టు కింద అయిదు. మనం లాంగిట్యూడినల్ సెక్షన్ అంటాం, ఆయన గడ అంటాడు. తీసేముందు లెవెల్స్, తీశాక లెవెల్స్, ఈ రెండూ ఎవరో ఒకరు నిలబడి తీసుకోకపోతే ఎంబుక్‌లో (చేసిన పని కొలతలు ఎక్కించే పుస్తకం) రాసిన క్యూబిక్ మీటర్లకు అర్థం లేదని నాకు అక్కడ తెలిసింది. టెండరు ఏప్రిల్‌లో, పని మే ఆఖర్లో, మొదటి వాన జూన్‌లో. వాన పడ్డాక వెళ్లి కొలిస్తే తీశారా లేదా అన్నది ఎవరూ చెప్పలేరు. "వరదకి మళ్లీ పూడింది సార్" అంటే కాదనడానికి రుజువేది? అబద్ధం అని కూడా అనలేం, నిజంగానే పూడుతుంది కదా.

ఒక ఆదివారం ఇంటికొచ్చి లెక్క వేశాను. వెడల్పు కాలవలో డిశ్చార్జి, అంటే అది మోసే నీరు, లోతుకు అయిదు బై మూడో ఘాతం మీద ఉంటుందని మీకందరికీ తెలిసిందే, మానింగ్ సూత్రం నుంచే వస్తుంది. మూడు మీటర్ల కాలవలో ఒక మీటరు పూడిందనుకోండి. రెండు బై మూడును ఆ ఘాతానికి ఎక్కిస్తే 0.51. లోతు మూడో వంతు పోతే సామర్థ్యం సగం పోయింది! దాని మీద గుర్రపుడెక్క, తూడు పెరిగి ఆ సూత్రంలో కాలవ గరుకును చెప్పే ఎన్ విలువ 0.025 నుంచి 0.05కు వెళ్తే మిగిలిన సగంలో మళ్లీ సగం. డిజైన్ కాగితం మీద 15 వేలు అని రాసి ఉన్న కాలవ నిజంగా నాలుగు వేలు కూడా మోయలేదు. ఇది ఏ కాలవ లెక్కా కాదు, నేను వేసుకున్న ఉదాహరణ. కానీ ఈ సూత్రంతో అయిదేళ్లుగా ఎంసీక్యూలు కొడుతూ, ఇది మా వంటింట్లోకి వచ్చిన నీళ్ల లెక్కే అని ఒక్కరోజు కూడా తట్టలేదు చూడండి, అదీ నా చదువు.

మనుషుల సంగతి అంతకంటే పెద్దది. బాబాయ్ చేరినప్పుడు గట్టు మీద ఒకరి హద్దు ముగిసేచోట ఇంకొకరి హద్దు మొదలయ్యేదట. రిటైరైనవాళ్ల చోట్లో మళ్లీ మనిషిని వేయలేదు. హద్దులు కలిసిపోయాయి, ఏఈలకూ సెక్షన్లు కలిసిపోయాయి. ఆఖరి రోజుల్లో జనరేటర్ చూసేదీ ఆయనే, షట్టర్లకు గ్రీజు పెట్టేదీ ఆయనే, నీటిమట్టం చూపే గేజీ చదివి ఫోన్ చేసేదీ ఆయనే. వరద రాత్రి ఏం చేసేవాడివి అని అడిగాను. "గేటు దగ్గరుంటే కట్ట చూసేవాడు లేడు, కట్ట మీదుంటే గేటు ఎత్తేవాడు లేడు" అన్నాడు. గండి ఒక్కసారిగా పడదు. ఎండ్రకాయ బొరియలోంచో ఎలుక బొరియలోంచో ముందు వేలంత ధార వస్తుంది. అవతలివైపు నీళ్లు తేటగా వస్తుంటే ఇంకా టైముంది, బురదగా వస్తుంటే కట్ట లోపలి మట్టి పోతోందని అర్థం. ఆ సమయంలో టార్చి పట్టుకుని నడిచే మనిషి ఉంటే నాలుగు ఇసుక బస్తాలతో పోతుంది. లేకపోతే మర్నాటికి పొక్లెయిన్లు, తర్వాత ఆర్మీ. పుస్తకంలో పైపింగ్ ఫెయిల్యూర్ బొమ్మ ఉంటుంది, టార్చి మనిషి ఉండడు.

ఇక మిగతావి త్వరగా. ప్రిలిమ్స్ పేపర్ వన్‌ను తక్కువ అంచనా వేయకండి, మూడో వంతు నెగెటివ్ ఉంది, డౌటున్నవి వదిలేశాను. పేపర్ టూకు పాత ప్రశ్నపత్రాలు రెండు రౌండ్లు. మెయిన్స్‌కు రోజుకో పాత ప్రశ్న టైము పెట్టుకుని చేత్తో రాశాను. ప్రిలిమ్స్ అయిన రెండు నెలలకే ఆగస్టు 10న మెయిన్స్, కొత్తగా ఏం చదివే టైము లేదు. హైడ్రాలజీ, ఫ్లూయిడ్స్ బలం. ట్రాన్స్‌పోర్టేషన్ బలహీనం, ఇప్పటికీ బలహీనమే. షార్ట్ నోట్స్ పీడీఎఫ్ అడగొద్దు, సగం బుడమేరు తీసుకెళ్లింది, మిగతా సగం చదివితే మీ చూపు పోతుంది.

ఒక్కటి చెప్పి తీరాలి. ఈ ఏడాది నేను పొద్దున అయిదింటికి లేవని రోజు లేదు. ఫోన్ అమ్మ దగ్గర పెట్టాను. పెళ్లిళ్లకు వెళ్లలేదు, క్రికెట్ చూడలేదు. "రేపటి నుంచి" అనే మాట వాడేవాళ్లు ఈ పరీక్ష జోలికి రావద్దు. రోజుకు అరగంట వాయిదా వేస్తే అది అడుగున చేరుతుంది, కనబడదు, పరీక్ష రోజు వరద వచ్చినప్పుడు... సరే, ఆపుతాను. నిరుడు ఇలాంటి పోస్టులు చదివి నేనే విసుక్కునేవాణ్ని. పైగా ఆదివారాలు టీవీఎస్ మీద తిరిగినవాడు చెప్పాల్సిన మాటలు కావివి. అయితే ఆ తిరుగుడు తిరుగుడు కాదు, ప్రిపరేషనే. కంప్లయింటు చేసిన మావయ్య ఇది చదువుతున్నాడని నాకు తెలుసు.

రెండో ఇంటర్వ్యూలో వేరే బోర్డు. బుడమేరు పేరే ఎత్తలేదు. ఒక సభ్యుడు మాత్రం, ఒక పట్టణంలో వాననీటి కాలవ మీ చేతికిచ్చారు, ఒక జూనియర్ ఇంజనీరు, నలుగురు మనుషులు, తక్కువ డబ్బు, వానాకాలానికి రెండు నెలలు ఉంది, మొదట ఏం చేస్తారు అని అడిగారు. ఈసారి సిద్ధాంతం ఎత్తుకోలేదు. మొదటి వారం కొలతలే అన్నాను. మొత్తం కాలవ తవ్వే డబ్బు ఉండదు కాబట్టి కల్వర్టులు, మలుపులు, ఇరుకు చోట్లు ముందు. ఎగువన మిషను దిగగలిగే చోట ఒక గుంట తవ్వి, పూడిక ఊళ్లోకి రాకముందే అక్కడే పట్టుకోవాలి, ప్రతి పెద్ద వాన తర్వాత ఆ ఒక్క గుంటను ఖాళీ చేస్తే చాలు. గుంటలో ఆగేది ఇసుకే, 0.075 మిల్లీమీటర్ల కంటే సన్నటి ఒండ్రు పెద్దగా ఆగదు, దానికి కాలవలో వేగం తగ్గకుండా చూసుకోవడమే దారి. తీసిన మట్టి ఆ రోజే ట్రాక్టరులో వెళ్లాలి. అది ఎక్కడికి వెళ్తుందో తేల్చకుండా పని మొదలుపెట్టను.

"నలుగురు మనుషులతో?"

"వానాకాలం వచ్చాక ఇద్దరు గేజీ దగ్గర, రాత్రీ పగలూ వంతుల మీద. ఇద్దరు గట్టు మీద సర్."

"అందులో ఒకరికి జ్వరమొస్తే?"

"నేను వెళ్తాను సర్" అన్నాను. అది సరైన జవాబో కాదో ఇప్పటికీ తెలియదు. ఆయన రాసుకున్నారు. ఈసారి బోర్డులో మేడమ్ లేరు, అదొక అదృష్టం.

సర్వీసు ఇంకా కేటాయించలేదు. నా మొదటి ఆప్షన్ సెంట్రల్ వాటర్ ఇంజనీరింగ్. రిజల్ట్ వచ్చిన సాయంత్రం బాబాయ్‌కి ఫోన్ చేశాను. "చాలా సంతోషం బాబూ. మన లాకు మీదకే వేస్తారా?" అన్నాడు. కాదు బాబాయ్, సెంట్రల్, ఏ రాష్ట్రమో తెలియదు అన్నాను. కాసేపు మాట్లాడలేదు. "అయితే అక్కడి లస్కరు ఎవరో వెళ్లగానే కనుక్కో. గ్రీజు డబ్బా అందుతోందా లేదా అడుగు. వాడంతట వాడు అడగడు" అన్నాడు.