పిచ్చాటూరు కట్ట మీద చిక్కుబడ్డ దారం

ఆదివారం పొద్దున్నే తిరుపతి బస్టాండులో చేపలు పట్టే ఏడడుగుల రాడ్ పట్టుకుని బస్సెక్కడం ఎంత కష్టమో ఈ మూడు వారాల్లో బాగా తెలిసొచ్చింది. నా దగ్గరున్నవి రెండు రకాలు. స్పిన్నింగ్ రాడ్ రెండు ముక్కలుగా విడిపోతుంది కాబట్టి సంచిలో సర్దుకుంటుంది. బెయిట్‌కాస్టర్ రాడ్ మాత్రం ఒకే ముక్క, పైన లగేజీ పెట్టేచోట పట్టదు, కాళ్ళ మధ్య నిలబెట్టుకుంటే పైకప్పుకు తగులుతుంది, అడ్డంగా పెడితే పక్కవాళ్ళ మొహానికి తగులుతుంది. కండక్టరు దాన్ని చూసి లగేజీ టికెట్ కొట్టాడు. నా వెనక సీటు కింద రెండు ఉల్లిగడ్డల మూటలు ఉన్నాయి, వాటికి మాత్రం కొట్టలేదు. అరకిలో బరువు కూడా లేని కర్రకు డబ్బులు కట్టడం ఇప్పటికీ నాకు మింగుడు పడలేదు.

పిచ్చాటూరు పోవడానికి చెన్నై బస్సు కదా అని ఏదో ఒకటి ఎక్కితే కుదరదని మీకు తెలిసే ఉంటుంది. నగరి, తిరుత్తణి మీదుగా పోయేది ఎక్కితే పుత్తూరులో దిగి మారాలి. నారాయణవనం, నాగలాపురం, ఊత్తుకోట మీదుగా పోయేదే మనకు కావాలి. ఎముకల కట్టుకు పేరున్న పుత్తూరులో ఎప్పట్లాగే చేతికి కట్టు కట్టించుకున్న పిల్లాడొకడు వాళ్ళమ్మతో ఎక్కాడు. పిచ్చాటూరు దాకా వాడి చూపంతా నా రాడ్ మీదే. వేలితో రింగులు ఒక్కొక్కటే లెక్కపెట్టాడు.

ఈ రాడ్లు నేను కొన్నవి కావు. డాలస్‌లో ఉండే మా చిన్నాన్న కొడుకు సంక్రాంతికి వచ్చినప్పుడు తెచ్చి, తిరిగి పోతూ నా దగ్గర వదిలేసి పోయాడు. అన్నకు అక్కడ శని, ఆదివారాలు చెరువు గట్టునే గడుస్తాయి. అమెరికాలో బాస్ అనే చేప మీదున్న మోజు మనకు ఏ చేప మీదా లేదు. 1932లో జార్జియా రాష్ట్రంలో జార్జ్ పెర్రీ అనే ఆయన పట్టిన బాస్ పది కిలోల పైన తూగిందంట, 2009లో జపాన్‌లోని బివా సరస్సులో మనబు కురిత దాదాపు అంతే బరువు చేపను పట్టి ఆ రికార్డును సమం చేశాడంట. ఈ కథ అన్న నాకు మూడుసార్లు చెప్పాడు. మన చెరువుల్లో బాస్ లేదు. కానీ తామరాకుల కింద, జమ్ములో మాటు వేసి, నీళ్ళ మీద కదిలే దేన్నైనా ఎగిరి పట్టే స్వభావం మన కొర్రమీనుకు ఉంది. 'బాస్ కోసం చేసిన సామానంతా దానికీ పనికొస్తుందిరా, ముందు చెయ్యి కుదరనీ' అని చెప్పి అన్న విమానం ఎక్కాడు.

చెయ్యి కుదరడానికి నెల పట్టింది. మిద్దె మీద ఒక మూల బకెట్ పెట్టి, గాలం తీసేసిన బరువును అందులో పడేటట్టు విసరడం. స్పిన్నింగ్ రీల్ రాడ్ కింద వేలాడుతుంది. దారాన్ని చూపుడువేలితో పట్టుకుని, బెయిల్ అనే తీగను పైకెత్తి, విసిరేటప్పుడు వేలు వదిలితే చాలు, దారం చుట్టి ఉండే స్పూల్ ముందు నుంచి అది చుట్లు చుట్లుగా జారి పోతుంది. రెండో రోజుకే వచ్చేసింది. బెయిట్‌కాస్టర్ అలా కాదు. అది రాడ్ పైన కూర్చుంటుంది, లూర్, అంటే దారం కొసకు కట్టే ఉత్తుత్తి ఎర, లాగే కొద్దీ స్పూలే గిర్రున తిరిగి దారం వదులుతుంది. విసిరినప్పుడు లూర్ మంచి వేగంతో పోతుంది, కాసేపటికి గాలికి నెమ్మదిస్తుంది, కానీ స్పూల్ అప్పటి వేగంతోనే తిరుగుతూ ఉంటుంది. పోవడానికి చోటు లేని దారం రీల్ లోపలే ఉబ్బి, పిచ్చుక గూడైపోతుంది. ఒక్కో గూడు విప్పడానికి అరగంట, విప్పలేక కోసిపారేస్తే డబ్బులు. 150 మీటర్ల బ్రెయిడ్ దారం 1,400 రూపాయలు. చెన్నైలో ఒక షాపులో కొన్నాను, ఇంటికొచ్చి కొలిస్తే 120 మీటర్లు కూడా లేదు. ఆ మంట ఇంకా ఆరలేదు.

మా అమ్మమ్మ వాళ్ళది రాయలచెరువు దగ్గర. చిన్నప్పుడు సెలవుల్లో మా మామ వెదురు బద్దకు నైలాన్ దారం కట్టి, నెమలీక కాడను బెండుగా పెట్టి, ఎర్రను గుచ్చి ఇచ్చేవాడు. రీల్ అనే మాటే అప్పుడు తెలియదు. బద్ద పొడవు ఎంతో దారం అంతే, చేప అక్కడికి వస్తే పడినట్టు, రాకపోతే లేదు. దూరంగా తామరాకుల్లో కొర్రమీను గుభేలున ఎగిరిపడితే మామ 'అది మనకు అందేది కాదురా' అనేవాడు. ఆ శబ్దం నాకు ఇప్పటికీ చెవుల్లో ఉంది. అంత దూరం విసరాలన్న కోరిక అప్పట్నుంచే ఉంది కాబట్టే, ఇన్ని పిచ్చుక గూళ్ళు కట్టినా ఆ బెయిట్‌కాస్టర్‌ను పక్కన పెట్టబుద్ధి కాలేదు.

మొదటి రెండు ఆదివారాల గురించి చెప్పడానికేం లేదు. పిచ్చాటూరు కట్ట అంటే అరణియార్ ప్రాజెక్టుదే. అందులోని చేపల మీద హక్కు మత్స్యకారుల సొసైటీ వాళ్ళది, కాబట్టి ముందు వాళ్ళను అడిగాను. వల వేయకపోతే, గట్టు మీంచే విసురుకుంటే పర్వాలేదన్నారు. ఒకసారి వాన, ఒకసారి ఎండ. రెండుసార్లూ ఖాళీ చేతులే. బస్టాండు నుంచి కట్ట దాకా ఆటోకు రెండు వందలు అడిగారు, నడిచాను.

మూడో ఆదివారం గాలి ఉంది. నీళ్ళ మీంచి నా మొహంలోకి కొడుతోంది. పదిహేను గ్రాముల రబ్బరు కప్పను బెయిట్‌కాస్టర్‌కు కట్టి, మంచి ఊపు మీద విసిరాను. ఎదురుగాలికి కప్ప మధ్యలోనే ఆగినట్టయింది, స్పూల్ మాత్రం చేతిలో బుస్సుమని తిరిగింది. నెల రోజుల్లో అంత పెద్ద గూడు నేను చూడలేదు. బొటనవేలితో స్పూల్‌ను నొక్కి పట్టి హ్యాండిల్ నాలుగు చుట్లు తిప్పి, తర్వాత మెల్లగా లాగితే చాలా చిక్కులు వాటంతటవే విడిపోతాయని అన్న చెప్పాడు. కానీ కంగారులో నేను ముందే గట్టిగా లాగేశాను. అది బిగుసుకుపోయింది. కత్తెర తీశాను.

"ఏం నాయనా, దారాన్ని కోసేస్తా ఉండావు?"

వెనక్కి తిరిగితే డెబ్బై ఏళ్ళ పెద్దాయన. లుంగీ, భుజం మీద తుండు, చేతిలో టిఫిన్ క్యారియర్. మేకలు కింద మేస్తున్నాయి.

"చిక్కు పడింది తాతా, ఇంక రాదు."

"రాకుండా యాడికి పోతుంది? ఇట్లియ్యి."

కూర్చున్నాడు. మొలతాడుకున్న పిన్నీసు తీశాడు. రీల్‌ను ఒళ్ళో పెట్టుకుని రెండు నిమిషాలు ఊరికే చూశాడు, ముట్టుకోలేదు. తర్వాత పిన్నీసు కొసతో ఒక పోగును ఎత్తి, వదిలి, ఇంకోటి ఎత్తాడు. నేనైతే బిర్రుగా ఉన్న దాన్నే పట్టి లాగుతాను, ఆయన దాన్ని తాకనే లేదు. వదులుగా ఉన్న పోగులనే ఒకదాని కిందనుంచి ఒకటి తీస్తూ పోయాడు. "బిర్రుగా ఉండేది మనం చెప్పినట్టు వినదు నాయనా, చుట్టూ ఉండేవి వదులైతే అదే వస్తాది" అన్నాడు. నలభై నిమిషాలు. ఒక్క మీటరు కూడా కోయలేదు. ఎండ నడినెత్తికి వచ్చింది, ఆయన తలెత్తి చూడలేదు.

నారాయణవనంలో నలభై ఏళ్ళు మగ్గాల మీద పనిచేశాడంట. మొదట చేమగ్గం, తర్వాత పవర్‌లూమ్. ఇప్పుడు కళ్ళు ఆనక పిచ్చాటూరులో కూతురి దగ్గర ఉంటున్నాడు. చిక్కు విప్పడం అయిపోయాక రెండు రీళ్ళనూ పక్కపక్కన పెట్టమన్నాడు. స్పిన్నింగ్ రీల్ బెయిల్ ఎత్తి, దారం కొస పట్టుకుని లాగాడు. స్పూల్ కదలకుండా దారం జారి వచ్చింది.

"ఇది కండె" అన్నాడు.

నేను అర్థం కాక చూశాను. మగ్గంలో అటూ ఇటూ పరిగెత్తే నాడెలో నూలు చుట్టిన కండె తిరగదంట. పేక నూలు, అంటే బట్టలో అడ్డంగా పోయేది, కండె కొస మీంచి జారి వస్తుంది, కాబట్టి నాడె ఎంత జోరుగా పోయి ఠక్కున ఆగినా నూలు ఎక్కువగా ఊడదు. కాకపోతే అలా కొస మీంచి వచ్చే నూలుకు మెలి పడుతుంది. నా స్పిన్నింగ్ రీల్ దారం కూడా ఒక్కోసారి మెలి తిరిగి ఉంగరాలు పడుతోందని చెబితే, పడక ఎట్లుంటుంది అన్నాడు. విసిరాక బెయిల్‌ను చేత్తోనే మూసి, దారాన్ని ఒకసారి బిర్రుగా లాగి అప్పుడు చుట్టమని అన్న చెప్పింది అందుకేనని నాకు అక్కడ వెలిగింది.

తర్వాత బెయిట్‌కాస్టర్‌ను తీసుకున్నాడు. ఇది పడుగు, అంటే బట్టలో నిలువు నూలు, తోడేటప్పటి బాబిన్ లాంటిది. బాబిన్ తిరిగితేనే నూలు వస్తుంది. నూలు చుట్టుకునే ఆసును ఆపినా బాబిన్ ఆగకుండా ఇంకో నాలుగు చుట్లు తిరుగుతుంది, నూలు జారి చిక్కవుతుంది. "మేము దానికి గుడ్డముక్క ఆనించే వాళ్ళం. నీకు వేలుంది కదా."

ఆల్ఫ్రెడ్ ఇల్లింగ్‌వర్త్ అనే ఆయన 1905లో ఇంగ్లండ్‌లో ఈ కదలని స్పూల్ రీల్‌కు పేటెంట్ తీసుకున్నాడు. ఆయనది బట్టల మిల్లుల వ్యాపారం. మిల్లులో నూలు ఊడివచ్చే పద్ధతి చూసే ఆ ఆలోచన వచ్చిందంటారు. నేను ఇది ఎప్పుడో చదివి మర్చిపోయాను. అదంతా తాతకు చెబితే ఆయన మొహం వెలిగిపోయింది, "మావాడే" అన్నాడు. బెయిట్‌కాస్టర్ పుట్టుక ఇంకా పాతది, దాని తొలి రూపాన్ని పంతొమ్మిదో శతాబ్దం మొదట్లో కెంటకీలో జార్జ్ స్నైడర్ అనే గడియారాల పనివాడు చేశాడు. తాతకు ఆ కబురు పెద్దగా పట్టలేదు.

ఆయనకు పట్టింది బ్రేకు. నా రీల్ పక్కన ఒక చక్రం ఉంటుంది, ఒకటి నుంచి పది దాకా అంకెలు. అది లోపలి అయస్కాంతాలను స్పూల్‌కు దగ్గర చేస్తుంది, దూరం చేస్తుంది. స్పూల్ అల్యూమినియం. "అల్యూమినియాన్ని అయస్కాంతం పట్టదు కదా, ఎట్ల ఆపుతాది?" అని అడిగాడు. మంచి ప్రశ్న. పట్టదు, కానీ అల్యూమినియం అయస్కాంతం పక్కన తిరిగితే దాంట్లో కరెంటు పుట్టి తిరుగుడుకు అడ్డం పడుతుంది, ఎంత జోరుగా తిరిగితే అంత అడ్డం. మగ్గాల షెడ్డులో పాత కరెంటు మీటరుంటుంది చూడండి, అద్దంలోంచి ఒక బిళ్ళ తిరుగుతూ కనపడుతుంది, దాన్ని అదుపులో పెట్టేదీ ఇదే అని చెప్పాను. ఆ బిళ్ళను ఆయన నలభై ఏళ్ళు చూశాడు. కాసేపు ఏం మాట్లాడలేదు.

తర్వాత మొదట్నుంచి సర్దాం. హ్యాండిల్ దగ్గరున్న టెన్షన్ నాబ్‌ను కొద్దికొద్దిగా వదిలి, కప్ప తన బరువుకే మెల్లగా కిందికి దిగి, నేలను తాకగానే స్పూల్ కూడా ఆగేటట్టు పెట్టాం. బ్రేకు ఎనిమిదిలో. ఇంతా నేను మిద్దె మీద చేసిందే. కొత్తది ఏమిటంటే వేలు. నేను ఇన్నాళ్ళూ కప్ప ఎక్కడ పడుతుందా అని చూస్తూ, స్పూల్ ఉబ్బడం కంటికి కనపడ్డాక నొక్కుతున్నాను. అప్పటికే ఆలస్యం. తాత నా వెనక నిలబడి నా బొటనవేలి మీద తన బొటనవేలు పెట్టాడు. తోలు లాగా గట్టిపడిన వేలు. "కప్పను చూడొద్దు. పోగు లేస్తా ఉందా, అణిగి ఉందా, అది ఒక్కటే చూసుకో, వేలితో." ఊపు కూడా తగ్గించమన్నాడు. గాలికి అడ్డంగా, కట్ట వెంబడి విసిరాం. బొటనవేలి కింద దారం చిన్నగా లేవడం మొదటిసారి తెలిసింది. చలిమిడి ముద్ద మీద వేలు పెట్టినంత మెత్తగా నొక్కి ఉంచాను. కప్ప తామరాకు పక్కన పడింది, పడిన క్షణమే వేలు బిగించాను. స్పూల్ మీద ఒక్క పోగు లేవలేదు.

ఆ తర్వాత ఇరవై సార్లు విసిరి ఉంటాను. రెండుసార్లు చిన్న చిక్కు పడింది, రెండూ నేనే విప్పాను.

ఒకచోట నీళ్ళ పైన ఎర్రగా, బొప్పాయి ముక్క రంగులో ఏదో కదులుతుంటే అటు విసరబోయాను. తాత రాడ్ పట్టుకున్నాడు. అవి కొర్రమీను పిల్లలు, గుంపుగా గాలి పీల్చడానికి పైకొస్తాయి, కింద తల్లీతండ్రీ కాపలా ఉంటాయి. కప్పను పిల్లల మీద పడేస్తే కోపంతో కొడతాయి, సులువుగా దొరుకుతాయి. "దొరికితే పిల్లలన్నీ పోతాయి, వద్దు నాయనా." అమెరికాలో బాస్ కూడా మగది గూడు కాస్తుందని అన్న చెప్పాడు. అక్కడ చాలామంది పట్టి వదిలేస్తారు, వదిలేదాకా గూడు దిక్కులేకుండా ఉంటుంది కదా అని నాకు అప్పుడే అనుమానం వచ్చింది. తాత మాటతో తేలిపోయింది. ఆ పక్కకు మళ్ళీ పోలేదు.

నా కప్పను ఆ రోజు ఏ కొర్రమీనూ పట్టలేదు. ఒకసారి వెనక నుంచి నీళ్ళు ఉబ్బి కప్ప దాకా వచ్చి ఆగిపోయాయి, నా గుండె కూడా ఆగింది. స్పిన్నింగ్ రాడ్‌కు ఐదు గ్రాముల చిన్న లూర్ కట్టి వేస్తే అరచేయంత జిలేబి చేప ఒకటి పడింది. అంత తేలిక లూర్‌కు స్పిన్నింగే మేలు, బెయిట్‌కాస్టర్ స్పూల్‌ను తిప్పే బరువు దానికి లేదు. జిలేబిని తాతకిచ్చాను. ఆయన క్యారియర్ తెరిచి పెరుగన్నం, మామిడికాయ ఊరగాయ నా ముందు పెట్టాడు. అంతకుముందు వారం బస్టాండు దగ్గర 120 రూపాయలకు తిన్న భోజనం ఆ ఊరగాయకు సాటి రాదు.

నాలుగు గంటలకు మేకలను తోలుకుంటూ వెళ్ళబోయి వెనక్కి వచ్చాడు. ఆ అయస్కాంతాలు లోపల ఎక్కడ, ఎన్ని ఉన్నాయో చూడాలంట. సైడ్ ప్లేట్ విప్పాలంటే సన్న స్క్రూడ్రైవర్ కావాలి, నా దగ్గర లేదు.

"వచ్చే ఆదివారం తెస్తాను తాతా."

"తొందరగా రా. ఎండెక్కితే నాకు కనపడదు."

రాత్రి ఇంటికొచ్చి రీల్ తుడిచి, పొడి గుడ్డలో చుట్టాను. స్క్రూడ్రైవర్ కూడా అదే సంచిలో పెట్టేశాను. ఆరున్నర బస్సు ఊత్తుకోట మీదుగా పోతుందో లేదో కనుక్కోవాలి.