జిప్సీ ముందు యాక్సిల్ పని, చౌటుప్పల్ దగ్గర మొదలైన వణుకు

జనవరిలో ఒక ఆదివారం రాచకొండ నుంచి నా మారుతి జిప్సీలో తిరిగొస్తున్నాం, నేనూ మా బావా. చౌటుప్పల్ దాటాక హైవే మీద ఒక బ్రిడ్జి జాయింట్ వచ్చింది. ఎడమ చక్రం దాని మీద ఎక్కి దిగిందో లేదో, స్టీరింగ్ నా చేతుల్లో అటూ ఇటూ కొట్టుకోవడం మొదలుపెట్టింది. అప్పుడు 65 మీద ఉన్నాను. గట్టిగా పట్టుకుంటే ఆగుతుందనుకున్నా కానీ పట్టుకున్న కొద్దీ మోచేతుల దాకా వణుకు పాకింది, బండి ముందు భాగం మొత్తం ఊగిపోతోంది, వెనక లారీ ఉంది. మెల్లగా వేగం తగ్గించుకుంటూ 30కి వచ్చాక గానీ ఆగలేదు. పక్కకి తీసి ఆపాక ఇద్దరం కాసేపు మాట్లాడలేదు.

కమాన్ కట్టల (లీఫ్ స్ప్రింగుల) మీద ఒకే ముక్క యాక్సిల్ ఉన్న బండ్లు నడిపేవాళ్లకి ఈ వణుకు తెలిసే ఉంటుంది. రెండు ముందు చక్రాలూ ఒకే ఇనుప దూలానికి ఉంటాయి కాబట్టి ఒక చక్రం ఊపు, రెండు చక్రాల స్టీరింగ్‌నీ కలిపే టై రాడ్ మీదుగా రెండో చక్రానికి వెళ్తుంది, అది తిరిగి దీన్ని ఊపుతుంది. ఎక్కడో ఒకచోట వదులు ఉంటే చాలు, ఆ ఊపు తనంతట తాను పెరుగుతూ పోతుంది. వేగం తగ్గించడం తప్ప డ్రైవర్ చేయగలిగింది ఏమీ ఉండదు.

నాది 2006 జిప్సీ, 1298 సీసీ ఎంపీఎఫ్ఐ (ఫ్యూయల్ ఇంజెక్షన్) ఇంజన్. నాలుగేళ్ల కింద సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. అప్పటికే పాత ఓనర్ కమాన్లకి రెండు అంగుళాలు ఎక్కువ పొడుగున్న షాకిళ్లు (కమాన్ చివరని ఛాసిస్‌కి కలిపే పట్టీలు) వేయించి, 235/75 ఆర్15 టైర్లు ఎక్కించి ఉన్నాడు. చూడ్డానికి బాగుండేది, నేనూ ఆ ఎత్తు చూసే కొన్నాను. కంపెనీ టైరు 205/70 ఆర్15, అంటే 26 అంగుళాల పైన ఎత్తు ఉంటుంది. ఇవి దాదాపు 29.

వణుకు వచ్చిన వారమే ఒక గ్యారేజీకి తీసుకెళ్తే స్టీరింగ్ డ్యాంపర్ మార్చి పంపించారు. వారం బాగుంది. తర్వాత మళ్లీ అదే. డ్యాంపర్ అనేది షాక్ అబ్జార్బర్ లాంటిది, ఊపుని మింగుతుంది అంతే, ఊపు ఎక్కడ పుడుతోందో దానికి సంబంధం లేదు. రెండోసారి వెళ్తే స్టీరింగ్ బాక్సే మార్చాలన్నారు. బావ అయితే ‘ఎలాగూ మారుస్తున్నావ్ కదా, పవర్ స్టీరింగ్ బాక్స్ పెట్టించెయ్ రా, చేతులు పోతున్నాయి’ అని మొదలుపెట్టాడు. నేనూ దాదాపు సిద్ధమైపోయాను. ఎస్టీమ్ ఇంజనూ జిప్సీ ఇంజనూ ఒకే జీ13 కుటుంబం కాబట్టి ఎస్టీమ్ కారు పవర్ స్టీరింగ్ పంపు కోసం జాంబాగ్‌లో రెండు షాపులు అడిగి కూడా వచ్చాను.

అక్కడే ఒక షాపాయన అజామాబాద్ వైపు పాత జీపులు చేసే ఉస్తాద్ ఒకాయన ఉన్నాడని చెప్పాడు. అరవై దాటి ఉంటాయి ఆయనకి. బాక్స్ సంగతి చెప్తుంటే వినలేదు. ‘సార్, మీరు లోపల కూర్చుని స్టీరింగ్ కొంచెం కొంచెం అటూ ఇటూ తిప్పుతా ఉండండి, ఇంజన్ వద్దు’ అని బండి కిందకి దూరాడు. చక్రాలు నేల మీదే ఉండాలి, జాకీ మీద కాదు. బరువు మీద ఉన్నప్పుడే వదులు ఎక్కడుందో బయటపడుతుంది. రెండు నిమిషాలకి బయటికి వచ్చి ‘బాక్స్ మంచిగుంది. టై రాడ్ ఎండ్లు రెండు పోయినయ్. అసలు రోగం నకల్‌లో ఉంది’ అన్నాడు.

జిప్సీ ముందు చక్రాన్ని మోస్తూ అటూ ఇటూ తిరిగే ఇనుప కీలే ఈ నకల్ (స్టీరింగ్ నకిల్), ఆ నకల్ నిలబడేది పైనొకటి కిందొకటి ఉండే కింగ్ పిన్‌ల మీద. ఒక్కో దానికి ఒక టేపర్ బేరింగ్. మొత్తం నాలుగు చిన్న బేరింగులు, బండి ముందు భాగం దిశంతా వాటి చేతుల్లోనే ఉంది. వీటిని మూసి ఉంచే గుండ్రటి ఇనుప గోళం చుట్టూ ఒక ఆయిల్ సీలు, ఒక ఫెల్ట్ రింగు ఉంటాయి. సీలు పాతబడితే లోపలి గ్రీజు బయటికి, బయటి నీళ్లు లోపలికి. మేం వాగుల్లో, చెరువు అలుగుల దగ్గర ఎన్నిసార్లు దింపామో లెక్క లేదు. కుడి నకల్ విప్పితే గ్రీజు పాలెక్కువైన చాయ్ రంగులో ఉంది. బేరింగ్ కప్పు మీద రోలర్లు ఒకేచోట కొట్టుకుని గాట్లు పడ్డాయి, వేలితో తడిమితే తెలుస్తోంది.

నాలుగు బేరింగులూ, సీళ్లూ రాణిగంజ్‌లో దొరికాయి. ఇక్కడ అందరూ తొందరపడే పని ఒకటుంది, అది కింగ్ పిన్ కింద వేసే షిమ్‌ల (పల్చటి ఇనుప రేకుల) లెక్క. కొత్త బేరింగ్ వేసి బోల్టులు బిగించేస్తే సరిపోదు. బేరింగ్ మీద కొంత ఒత్తిడి ఉండాలి, తక్కువైతే వణుకు, ఎక్కువైతే స్టీరింగ్ బిగుసుకుపోయి బేరింగ్ తినేస్తుంది. సీలు వేయకముందే, టై రాడ్ తగిలించకముందే, నకల్ చేతికి స్ప్రింగ్ త్రాసు కొక్కెం పెట్టి లాగాలి. కదలడం మొదలైనప్పుడు త్రాసు 1 నుంచి 1.8 కిలోల మధ్య చూపించాలి. ఉస్తాద్ దగ్గర నిజంగానే పాత ఉల్లిగడ్డలు తూచే త్రాసు ఉంది. ఎడమ పక్క మొదటిసారి అరకిలోకే కదిలిపోయింది. ఒక పల్చటి షిమ్ తీశాడు, మళ్లీ బిగించాడు, మళ్లీ లాగాడు. కిలోన్నర దగ్గర ఆగేసరికి సాయంత్రం అయిపోయింది. ఆ ఒక్క పనికే ఒక రోజు పట్టింది, ఆ రోజుకి ఆయన తీసుకున్న కూలి నాకు చాలా తక్కువనిపించి ఇంకొంచెం చేతిలో పెట్టాను.

యాక్సిల్ చివర ఉండి, తిప్పిన చక్రానికి కూడా ఇంజన్ బలం అందించే బర్‌ఫీల్డ్ జాయింట్ కూడా విప్పి చూశాం, అది అరిగితే ఫోర్ వీల్‌లో స్టీరింగ్ పూర్తిగా తిప్పినప్పుడు వచ్చే టక్ టక్ శబ్దం మాకు ఇంకా రాలేదు, కాబట్టి కడిగి కొత్త గ్రీజుతో అదే పెట్టేశాం.

తర్వాత కాస్టర్. సైకిల్ ముందు ఫోర్క్ కొంచెం వాలుగా ఉంటుంది చూడండి, చేతులు వదిలేసినా సైకిల్ నేరుగా పోవడానికి ఆ వాలు కూడా ఒక కారణం. బండికీ అంతే, కింగ్ పిన్ పైభాగం కొంచెం వెనక్కి వాలి ఉండాలి. జిప్సీకి కంపెనీ ఇచ్చిన వాలు 3.5 డిగ్రీలు. ముందు కమాన్లకి షాకిల్ ముందు వైపు ఉంటుంది, అక్కడ పొడుగు షాకిల్ వేస్తే కమాన్ ముక్కు కిందకి దిగి యాక్సిల్ మొత్తం ముందుకి తిరుగుతుంది. ఆ తిరగడంలో కాస్టర్ పోతుంది. నా బండికి మిగిలింది అర డిగ్రీ. ఇది నేను కొత్తగా కనిపెట్టిందేం కాదు, ఏడాది కింద చేయించిన అలైన్‌మెంట్ కాగితం మీద ఎర్ర అంకెల్లో ఉంది. ఆ షాపులో మాత్రం ‘జిప్సీకి టో ఒక్కటే సెట్ అవుతుంది సార్’ అని అది, అంటే ముందు చక్రాలు రెండూ ఒకదాని వైపు ఒకటి ఎంత తిరిగి ఉన్నాయన్నది, సరిచేసి ఇచ్చారు. మాట నిజమే, ఒకే ముక్క యాక్సిల్‌కి తిప్పి కాస్టర్ మార్చే నట్టేమీ ఉండదు. కానీ ఆ అంకె ఎందుకు పడిపోయిందో వెతకొచ్చు కదా.

ఎత్తు అలాగే ఉంచుకోవాలంటే కమాన్‌కీ యాక్సిల్‌కీ మధ్య ఏటవాలు ఇనుప బిళ్ల పెట్టించుకోవచ్చు. జిప్సీకి కమాన్ యాక్సిల్ కింద ఉంటుంది కాబట్టి బిళ్ల మందం వైపు ముందుకి రావాలి. అల్యూమినియం వద్దు, నలిగిపోతుంది. ఇంకో చిక్కు, అలా తిప్పినప్పుడు డిఫరెన్షియల్ ముక్కు కిందకి వంగి ప్రొపెల్లర్ షాఫ్ట్ జాయింట్ కోణం పెరుగుతుంది. రెండు రోజులు ఆలోచించి నేను పొడుగు షాకిళ్లే తీయించేశాను. కంపెనీ షాకిళ్లు వేయగానే కాస్టర్ 3 దాటింది, స్టీరింగ్ బాక్స్ కింద ఊగే పిట్‌మన్ ఆర్మ్ నుంచి అవతలి చక్రం దాకా వెళ్లే డ్రాగ్ లింక్ కూడా మళ్లీ దాదాపు నేలకి సమాంతరంగా వచ్చింది. ఇది వాలుగా ఉన్నన్నాళ్లూ గుంత మీద కమాన్ నొక్కుకున్నప్పుడల్లా స్టీరింగ్ దానంతట అదే కొంచెం తిరిగేది, నేను అది జిప్సీ స్వభావం అనుకునేవాణ్ణి. ఎత్తు తగ్గాక 235 టైర్లు తిప్పినప్పుడు రాసుకున్నాయి, అవి అమ్మేసి 215/75 వేశాను.

చట్టం సంగతి కూడా నా మనసులో ఉంది. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం కంపెనీ ఇచ్చిన, ఆర్సీలో ఉన్న వివరాలకి తేడా వచ్చేలా బండిని మార్చకూడదు, సుప్రీంకోర్టు 2019 జనవరిలో ఇదే గట్టిగా చెప్పింది. బండికి 15 ఏళ్లు దాటాయి, ఆర్టీఏ ముందు నిలబెట్టాల్సి వచ్చినప్పుడు తలవంపు లేకుండా ఉండాలి.

ఒక్క మార్పు మాత్రం ఇష్టపడి చేయించుకున్నాను, టై రాడ్. రాచకొండ కింద ఊళ్ల మధ్య బండ్ల బాటల్లో మోకాలెత్తు గ్రానైట్ బండలుంటాయి, పాత రాడ్ ఒకదానికి తగిలి సన్నగా వంగి ఉంది. బాలానగర్‌లో ఒక లేత్ షాపులో ఈఎన్-8 రకం ఉక్కుతో మందపాటి రాడ్ తీయించాం, ఒక చివర కుడి మర, ఇంకో చివర ఎడమ మర. రాడ్ తిప్పితే టో సర్దుబాటు అవుతుంది. ఎక్కడా వెల్డింగ్ లేదు. స్టీరింగ్ లింకుల మీద వెల్డింగ్ అతుకు ఉన్న బండిలో నేను మా అక్కని, పిల్లల్ని కూర్చోబెట్టలేను. పాత రాడ్ వంపు తీయించి వెనక సీటు కింద కట్టేసి ఉంచాను, అడవి దారిలో కొత్తది పోతే ఇల్లు చేరడానికి.

పవర్ స్టీరింగ్ పెట్టలేదు. కాస్టర్ పెరిగాక పార్కింగ్‌లో స్టీరింగ్ ఇదివరకటికన్నా కొంచెం బరువే, అది ఒప్పుకోవాలి, కోఠి సందుల్లో చెమట పడుతుంది. కానీ వదులు కింగ్ పిన్‌ల మీద పవర్ బాక్స్ పెట్టుంటే ఆ వదులు చేతికి తెలిసేది కాదు, ఇంకొన్ని వేల కిలోమీటర్లు అలాగే నడిపేవాణ్ణి. పైగా అంత బలం ఛాసిస్ మీద బాక్స్ బిగించే చోట పడుతుంది, పాత బండ్లకి అక్కడ పగుళ్లు వస్తాయి. ముందు ఆ చోటుకి పట్టీ వేయించాలి, బాక్స్ సంగతి తర్వాత.

మార్చి చివర్లో మళ్లీ అదే దారిలో వెళ్లాం. తిరిగొచ్చేటప్పుడు చౌటుప్పల్ బ్రిడ్జి ముందు బావ గమ్మున పైన హ్యాండిల్ పట్టుకున్నాడు. 70 మీద జాయింట్ దాటాను, స్టీరింగ్‌లో ఒక్క దెబ్బ తెలిసింది, బండి గీత గీసినట్టు ముందుకి పోయింది. ‘ఇంకోసారి వెళ్దామా’ అన్నాడు. పంతంగి టోల్ దగ్గర టీ తాగి వెనక్కి తిప్పాం.