జానెడుకు రెండు వేళ్లు తక్కువ

కార్తీక మాసం, ఆదివారం, రాత్రి 9 గంటలు.

ఈరోజు తెల్లవారుజామున నాలుగున్నరకే మెలకువ వచ్చింది. అత్తయ్యగారు అప్పటికే తలస్నానం చేసి, అరటిదొప్పలో వత్తులు సర్దుకుని, దీపం వదలడానికి కాలువ రేవుకు బయలుదేరుతున్నారు. నేను ముందుగా పెరటి వసారాలోకి వెళ్లి, వెదురు గంప మీద కప్పిన పాత చీరను తొలగించి చుక్కను చూశాను. తెల్లని ఒళ్లు, నెత్తి మీద రూపాయి బిళ్లంత నల్లమచ్చ ఉన్నందువల్ల మా బాతుకు ఆ పేరు పెట్టుకున్నాము. అది మెడ చాచి, గొంతులోనే సన్నగా పలికింది. దెబ్బ తగిలిన మొదటి మూడు రోజులూ ఆ మాత్రం పలుకు కూడా లేదు కనుక, నాకు ఆ చిన్న శబ్దమే ఎంతో ధైర్యాన్నిచ్చింది.

దెబ్బ తగిలి నేటికి పన్నెండు రోజులు. రేవులో చివరి రెండు మెట్ల నడుమ రాయి కదిలి ఏర్పడిన సందులో దాని కుడికాలు ఇరుక్కుంది. నేను పరుగున వెళ్లి విడిపించేలోగా అది రెక్కలు కొట్టుకుంటూ ఎంతగా పెనుగులాడిందంటే, ఒడ్డుకు తెచ్చి దింపాక ఆ కాలిని నేలకు ఆనించలేకపోయింది. ఆ సాయంత్రం నేను చేసిన పొరపాటును కూడా ఇక్కడ రాసి ఉంచాలి. ఎముక విరిగిందేమోనన్న కంగారులో, ఎవరో చెప్పిన మాట పట్టుకుని, వెదురుబద్ద ఆనించి గుడ్డపీలికతో బిగించి కట్టాను. మర్నాటి ఉదయానికి కట్టు కింది పాదం వాచిపోయి, ఎప్పుడూ నారింజరంగులో మెరిసే వేళ్ల నడుమ పొర నల్లబడి, ముట్టుకుంటే చల్లగా తగిలింది. ఆ చల్లదనం ఇప్పటికీ నా వేళ్లకు గుర్తుంది.

పశువుల డాక్టరుగారు మొదట చేసిన పని ఆ కట్టును కత్తిరించి తీసివేయడమే. తరువాత కాలిని పైనుంచి కింది వరకు నెమ్మదిగా తడిమి చూసి, ఎముక విరగలేదని, కీలు బెణికిందని చెప్పారు. వెనక్కి వంగినట్టు కనిపించే ఆ కీలును నేను ఇన్నేళ్లూ మోకాలనే అనుకున్నాను. నిజానికి అది మడమ అట, అసలు మోకాలు పొట్ట పక్కన ఈకల్లో దాగి ఉంటుందట. నొప్పి తగ్గడానికి ఆయన బరువు చూసి లెక్కకట్టి చుక్కల మందు ఇచ్చారు. మనుషులు వాడే మాత్రలను సొంతంగా నూరి పోయవద్దని రెండుసార్లు హెచ్చరించారు. అదృష్టవశాత్తు పాదానికి రక్తప్రసరణ తిరిగి వచ్చింది. మరొక పూట ఆలస్యమై ఉంటే ఏమయ్యేదో తలచుకోవడానికి కూడా భయం వేస్తుంది.

బాతును పట్టుకునే పద్ధతి కూడా ఈ పన్నెండు రోజుల్లోనే సరిగ్గా నేర్చుకున్నాను. కోడిని పట్టినట్టు కాళ్లు పట్టి ఎత్తితే బాతు కాలు నిలవదు. ఒంటి బరువుకు దాని కాళ్లు చాలా సన్ననివి. కోతలైన వరిచేలలో మందలను మేపుకుంటూ వచ్చే బాతుల కాపరులు కూడా వాటిని కాళ్లు పట్టి లేపడం నేనెన్నడూ చూడలేదు, మెడ దగ్గరే పట్టుకుంటారు. నేను మాత్రం ఒక చేయి రొమ్ము కింద పెట్టి, రెండో చేత్తో రెక్కలను ఒంటికి అదిమి, దాని బరువంతా నా మోచేతి మీద ఉండేలా ఎత్తుకుంటున్నాను. అలా ఎత్తినప్పుడు దాని గుండె నా అరచేతికి టపటపా తెలుస్తుంది. మొదట్లో ఎంతో వేగంగా కొట్టుకునేది, ఇప్పుడు నా ఒడికి అలవాటు పడినట్టుంది.

తిండి విషయంలో మొదట చాలా బెంగపడ్డాను. ఒంటరిగా గంపలో ఉంచినన్నాళ్లూ తవుడు, నూకలు కలిపి పెట్టినా ముక్కు ముంచి వదిలేసేది. మగబాతు రోజంతా పెరట్లో తిరుగుతూ బొంగురు గొంతుతో పిలుస్తూ ఉంటే పాపమనిపించి, గంప పక్కనే వల అడ్డం కట్టి దాన్ని కూడా వసారాలోకి రానిచ్చాను. ఆ పూటే చుక్క తినడం మొదలుపెట్టింది. బాతులు గుంపులో బతికే జీవులని తెలిసి కూడా, విశ్రాంతి పేరుతో దాన్ని విడిగా ఉంచడం సరికాదేమో. ఇప్పుడు తవుడు, నూకలతో పాటు ఉడికించిన బఠాణీలు, చితకగొట్టిన నత్తలు పెడుతున్నాను. కాళ్ల బలానికి అవసరమైన నయాసిన్ అనే విటమిన్ కోడిపిల్లల కంటే బాతులకు ఎక్కువ కావాలని డాక్టరుగారు చెప్పినప్పటి నుంచి, మేతలో కాస్త ఈస్ట్ పొడి కూడా కలుపుతున్నాను. మేత పక్కన నీళ్ల గిన్నె తప్పనిసరి. ఒక ముద్ద తిని, ఒకసారి నీళ్లు పుక్కిలించినట్టు చేస్తే తప్ప దానికి మింగుడుపడదు.

ఈరోజు ముఖ్యమైన పని గోలెం దగ్గర జరిగింది. గేదెకు కుడితి పెట్టడానికి వాడిన పాత గోలేన్ని బాగా తోమి, వారం రోజులుగా రోజూ పదకొండు గంటల ఎండలో దాన్నిండా గోరువెచ్చని నీళ్లు పోసి చుక్కను వదులుతున్నాను. నేల మీద కదలలేని బాతు నీళ్లలో దిగగానే రెండు కాళ్లూ ఆడించడం మొదటి రోజు చూసినప్పుడు నాకు కళ్లు చెమర్చాయి. ఒంటి బరువును నీరు మోస్తుంది కాబట్టి, నొప్పి కాలు కూడా భయం లేకుండా కదులుతుంది. అయితే ఎల్లకాలం తేలుతూ ఉంటే కాలు మీద భారం మోపే అలవాటు రాదు. అందుకని ఈ ఉదయం నీటిని తగ్గించి, జానెడుకు రెండు వేళ్లు తక్కువగా ఉంచాను. పాదాలు అడుగుకు తగలగానే చుక్క ఉలిక్కిపడి రెక్కలు విప్పింది. నేను చేయి తీయకుండా రొమ్ము కిందే ఉంచాను. కొంతసేపటికి ఎడమకాలు ఆనించింది. ఆ తరువాత, ముడుచుకుని ఉన్న కుడిపాదపు వేళ్లు ఒక్కొక్కటే విచ్చుకుని, పొర విసనకర్రలా పరుచుకుని, అడుగును తాకడం తేట నీటిలో నాకు స్పష్టంగా కనిపించింది. నేను మనసులో నలభై వరకు లెక్కపెట్టాను. అంతసేపూ అది నిలబడే ఉంది.

పది నిమిషాల తరువాత బయటికి తీసి, తువ్వాలుతో ఒత్తి, ఎండలో కూర్చోబెట్టాను. అది తోక మొదట్లోని నూనెగ్రంథిని ముక్కుతో రుద్దుకుని, ఆ జిడ్డును ఈకలన్నిటికీ పట్టించుకుంది. ఎన్నో రోజులు నీటికి దూరంగా ఉంచితే ఈ శుభ్రత తప్పిపోయి, ఈకలు నీటిని ఆపలేక తడిసి చలి పడుతుంది.

సాయంత్రం మంచిగా ఉన్న ఎడమపాదాన్నే ఎక్కువసేపు పరీక్షించాను. బరువంతా ఒక్క కాలి మీద పడితే అరికాలు కంది, పగిలి, పుండు లోపలికి పాకుతుందని డాక్టరుగారు జాగ్రత్త చెప్పారు. అరికాలి నడుమ శనగబద్దంత చోట చర్మం కాస్త గట్టిపడి ఎర్రగా ఉంది. కొబ్బరినూనె రాసి, గంపలో ఉన్న వరిగడ్డినంతా తీసేసి, రెండు మడతల గోనెసంచి పరిచి, దాని మీద కొత్త గడ్డి మందంగా వేశాను. రేపు ఆయనకు ఈ మచ్చ చూపించాలి.

ఇది రాస్తున్నప్పుడు వల అవతల మగబాతు చుక్క వైపే ముక్కు పెట్టి పడుకుని ఉంది. రేపు కూడా గోలెంలో నీళ్లు ఇంతే ఉంచుతాను. ఎల్లుండి వాపు చూసుకుని, మరో వేలు తగ్గిస్తాను.