బీపెడ్‌లో ఆట తక్కువ, లెక్కలెక్కువ

నేను చదువుతున్నది బీపెడ్, వ్యాయామ టీచర్ అవ్వడానికి చేసే కోర్సు. దాని ఎంట్రెన్స్ పీఈసెట్ దగ్గరపడితే చాలు, జూనియర్ల నుంచి ఒకటే మెసేజ్: అక్కా, హండ్రెడ్ ఎంతలో కొట్టాలి? అడగడంలో తప్పేం లేదు, సీటు తేలేది గ్రౌండ్‌లోనే కదా. వంద మీటర్లు, షాట్‌పుట్, లాంగ్ జంపో హై జంపో ఒకటి, అమ్మాయిలకి 400, అబ్బాయిలకి 800 మీటర్ల పరుగు, వీటన్నిటికీ కలిపి 400 మార్కులు, మనకొచ్చిన ఆటలో స్కిల్‌కి ఇంకో 100. కానీ సీటొచ్చాక ఆ టైమింగ్ ఎవరూ అడగరు. నీకు ఆట వచ్చు సరే, ఆట రాని నలభై మందిని ఎండలో ముప్పావుగంట ఎలా నడిపిస్తావు, అదే రెండేళ్లూ నడిచే కథ.

నేను ఖోఖో ఆడి వచ్చినదాన్ని. పోల్ చుట్టూ తిరగడం తప్ప గ్రౌండ్ ఎవరు గీస్తారో ఎప్పుడూ పట్టించుకోలేదు. ఇక్కడ చేతిలో టేపు, మేకులు, నూలుతాడు, ఒక బస్తా ముగ్గు పిండి పెట్టి ట్రాక్ వెయ్యమన్నారు. స్టాండర్డ్ ట్రాక్‌లో కర్వ్ వ్యాసార్థం 36.50 మీటర్లు, స్ట్రెయిట్ 84.39, లేన్ వెడల్పు 1.22. మొదటి లేన్‌లో దూరాన్ని లోపలి అంచుకి 30 సెంటీమీటర్ల అవతల కొలుస్తారు, మిగతా లేన్లలో గీత నుంచి 20 దగ్గర. బయటి లేన్‌లో చుట్టు పెద్దది, అందుకే దూరం సమానం కావడానికి రెండో లేన్ వాడు ఒక రౌండుకి 7.04 మీటర్లు ముందు నిలబడతాడు, ఆ తర్వాత ఒక్కో లేన్‌కి ఇంకో 7.67. స్కూల్ గ్రౌండ్‌లో ఎత్తు అంచు ఎక్కడుంటుంది, ఉత్త ముగ్గు గీతే కాబట్టి మొదటి లేన్‌కీ 20 సెంటీమీటర్లే లెక్క, అప్పుడు రెండో లేన్‌కి కూడా 7.67 వస్తుంది. ఇందులో నాకు భలే నచ్చింది ఏంటంటే, లేన్ వెడల్పు అదే ఉంచితే ట్రాక్ 400 మీటర్లదైనా 200 మీటర్లదైనా ఒక రౌండుకి ఈ తేడా మారదు, వ్యాసార్థం లెక్కలోంచి ఎగిరిపోతుంది. టెన్త్‌లో ఈ π (పై) గోల నాకెందుకు అనుకున్నదాన్ని, తాడు పట్టుకుని వంగుని తిరుగుతుంటే దానంతటదే ఎక్కింది.

కమాండ్ ఇవ్వడం ఇంకో విద్య. "దాయే" అని సాగదీసి, ఒక్క క్షణం ఆగి, "ముడ్" అని కొట్టాలి, హిందీలో కుడికి తిరుగు అని. ఆ ఆగడంలోనే పిల్లలు ఎటు తిరగాలో ఆలోచించుకుంటారు, రెండూ కలిపేసి అరిస్తే సగం మంది ఎడమకి, సగం మంది పక్కవాడి మీదికి. గొంతుతో కాకుండా పొట్టతో అరవమంటారు, లేకపోతే వారానికే గొంతు బొంగురు.

అసలు పాఠం మాత్రం టీచింగ్ ప్రాక్టీస్‌లోనే. ఒక ప్రభుత్వ హైస్కూల్లో వేశారు. ఇద్దరు కెప్టెన్లని పిలిచి టీమ్‌లు ఎంచుకోమనడం మనందరికీ చిన్నప్పటి నుంచి అలవాటే కదా, అక్కడా అదే జరుగుతోంది, చివరికి మిగిలిన పిల్ల చెప్పు కొసతో మట్టి గీకుతూ నిలబడి ఉంది, ఎవరూ పిలవరని తనకి ముందే తెలుసు. మా సూపర్‌వైజర్ మేడమ్ ఏమీ అనలేదు, మర్నాడు వరసలో నిలబెట్టి ఒకటి రెండు, ఒకటి రెండు అని నంబర్లు చెప్పించమన్నారు. ఒకట్లు అటు, రెండ్లు ఇటు. అంతే, ఎవరూ మిగల్లేదు. పుస్తకంలో దీనికి పెద్ద చాప్టర్ ఉంటుంది గానీ, ఆ పిల్ల మొహం ఉండదు.

చెట్టు కింద కూర్చుండిపోయే ఆడపిల్లల సంగతి వేరు. బద్ధకం అని తేల్చేస్తారు. అడిగితే ఒకరికి పీరియడ్స్, ఒకరు పొద్దున ఏమీ తినకుండా వచ్చారు, ఇంకొకరికి రెండు రౌండ్లకే ఆయాసం. దేశంలో 15 నుంచి 19 ఏళ్ల అమ్మాయిల్లో 59.1 శాతం మందికి రక్తహీనత ఉందని ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెప్తోంది, వాళ్లని పరిగెత్తించి లాభమేంటి? వారానికోసారి ఇచ్చే నీలం రంగు ఐరన్ మాత్ర అన్నం తిన్నాక వేసుకుంటున్నారా, జేబులోంచి చెట్టు మొదట్లోకి వెళ్తోందా అని చూడటం కూడా పీఈటీ పనే అని నాకిప్పుడు గట్టిగా అనిపిస్తోంది. మన కోర్సు పేరులో ఆరోగ్యం లేకపోవచ్చు, గ్రౌండ్‌లో మాత్రం మొదట కనపడేది అదే.

వరంగల్ జిల్లా కల్లెడ అమ్మాయి జీవాంజి దీప్తిని చూడండి. మేధోపరమైన వైకల్యం ఉందని ఊళ్లో వెక్కిరించారు. ఆమె పరుగుని ముందు గమనించింది బళ్లో పీఈ టీచర్. 2024 పారిస్ పారాలింపిక్స్‌లో 400 మీటర్లు 55.82 సెకన్లలో పరిగెత్తి కాంస్యం తెచ్చింది. గమనించేవాళ్లు లేని బళ్లెన్ని! విద్యాహక్కు చట్టమే ఆరు నుంచి ఎనిమిది తరగతులున్న చోట, పిల్లలు వందకి మించితేనే, వ్యాయామ విద్యకి పార్ట్‌టైమ్ మనిషిని పెట్టమంటుంది. అంతకంటే చిన్న బడి పిల్లలకి కాళ్లు లేవా? ఇక ఉన్న బళ్లలో పరీక్షల ముందు మా పీరియడ్ లెక్కలకి పోతుంది. ట్రాక్ గీయించి నేర్పిస్తా ఇవ్వండి అంటే నవ్వుతారు.

వచ్చే వారం ఫైనల్ లెసన్, బయటి ఎగ్జామినర్ వస్తారు. నాకు ఖోఖో పడలేదు, హర్డిల్స్ పడింది. బళ్లో హర్డిల్స్ లేవు, ఇటుకల మీద వెదురు కర్రలు పెడుతున్నా, కాలు తగిలితే పడిపోయేలా. మొదటి రోజు మోకాలి కంటే కిందే ఎత్తు. కర్రలు ఇస్తానన్న తాత మాత్రం లెసన్ అయ్యాక పందిరికి వెనక్కి కావాలన్నాడు.